పట్టపగలు లైటు వేయకుండా: చిన్న ఇంట్లో చీకటి గదులకు వెలుతురు తెచ్చుకోవడం ఎలా

మా ఇల్లు విజయవాడ వన్‌టౌన్‌లో. వెడల్పు 16 అడుగులు, పొడవు 45 అడుగులు. లెక్క కడితే సరిగ్గా 80 గజాలు. రైలు పెట్టెలాగా ముందు హాలు, దాని వెనక నడిమి గది, ఆ వెనక వంటిల్లు, చివర గిన్నెలు తోముకునేంత ఖాళీ జాగా. రెండు పక్కలా పక్కిళ్ల గోడలే. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా నడిమి గదిలో మాత్రం ట్యూబులైటు వెలగాల్సిందే. మా అమ్మ బియ్యం ఏరాలంటే చేట పట్టుకుని వీధి గుమ్మం దాకా వచ్చి కూర్చునేది.

ఇలాంటి ఇళ్లు మన ఊళ్లలో వీధికి పది ఉంటాయి. వెనకటి మండువా లోగిళ్లలో ఇంటి నడిమధ్యే ఆకాశం కనబడేది. వానా వెన్నెలా మండువాలోనే పడేవి, చుట్టూ ఉన్న గదులన్నిటికీ అక్కడి నుంచే వెలుతురు అందేది. 80 గజాల్లో మండువాకు చోటెక్కడిది? కానీ ఆ పద్ధతిలో ఉన్న కిటుకు మాత్రం మనకూ పనికొస్తుంది. ఎండ వేరు, వెలుతురు వేరు. మనకు కావలసింది వెలుతురు. ఎండను గుమ్మం బయటే ఆపి, అది దేనిమీదో పడి చెదిరిన వెలుగును మాత్రమే లోపలికి తెచ్చుకోవాలి. ఈ తేడా తెలియక నేను ఒకసారి స్లాబుకే కన్నం పెట్టించి ఒక వేసవంతా ఉడికిపోయాను. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు పైసా ఖర్చు లేని పనులు చూద్దాం.

ఒక రోజంతా లైట్లు ముట్టుకోకండి

సెలవు రోజు చూసుకుని, పొద్దున లేచిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఒక్క స్విచ్చు కూడా వేయకుండా గడపండి. ఇంటి ప్లాను కాగితం మీద చేత్తో గీసుకోండి, వంకరగా ఉన్నా పరవాలేదు. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం నాలుక్కి గదిగదికీ తిరిగి మూడు పరీక్షలు చేయండి. పేపర్లో చిన్న అక్షరాల ప్రకటనలు చదవగలుగుతున్నారా? బియ్యంలో రాయి కనబడుతోందా? సూదిలో దారం ఎక్కుతోందా? దారం ఎక్కిందంటే ఆ చోటికి ఇక ఏ పనీ అక్కర్లేదు. పేపరు కూడా చదవలేకపోతే అది నిజంగా చీకటి చోటు. ఫోన్లో వెలుతురును కొలిచే లక్స్ మీటర్ యాప్ పెట్టుకుంటే అంకెలు కూడా తెలుస్తాయి. ఆ అంకెలను తులం లెక్కన నమ్మక్కర్లేదు, ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా ఎంతో చూసుకోవడానికి పనికొస్తాయి. మండుటెండలో బయట లక్ష లక్స్ దాకా ఉంటుంది. చదువుకునే బల్ల మీద 300 ఉంటే చాలు. బయటున్న దాంట్లో పిసరంత లోపలికి వచ్చినా మనకు సరిపోతుందన్నమాట.

నాలుగో పరీక్ష అన్నిటికంటే ముఖ్యం. మీరు కూర్చుని పనిచేసే చోటనే కూర్చుని కిటికీ వైపు చూడండి. ఆకాశం కాస్తయినా కనబడుతోందా? కనబడితే అక్కడికి వెలుతురు నేరుగా అందుతున్నట్టు. పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనబడకపోతే మీకు వచ్చేదంతా ఆ గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగే. అప్పుడు మీ సంగతి ఆ గోడ రంగును బట్టి ఉంటుంది.

కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉందో కూడా కొలిచి రాసుకోండి. మామూలుగా పనికొచ్చే వెలుతురు ఆ ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం దాకానే వెళ్తుంది. మా హాలు కిటికీ పై అంచు ఏడడుగులు. అంటే వెలుతురు 14 నుంచి 17 అడుగుల దగ్గర ఆగిపోవాలి. మా హాలు లోతు 14 అడుగులు, దాని వెనక అడ్డంగా గోడ. నడిమి గది చీకటిగా ఉండటంలో వింతేముంది? ఈ లెక్క చూశాక కిటికీని వెడల్పు చేయించాలన్న ఆలోచన మానుకున్నాను. వెలుతురు లోపలి దాకా రావాలంటే కిటికీ వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం.

నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనూ దీనికో లెక్క ఉంది. గది నేల వైశాల్యంలో, తలుపులు కాకుండా, కిటికీలూ వెంటిలేటర్లూ పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలి. కిటికీకి ఏడున్నర మీటర్ల కంటే దూరంగా ఉన్న చోటికి వెలుతురు అందుతున్నట్టు లెక్కించకూడదని కూడా అందులో ఉంది. వంద చదరపు అడుగుల గది అనుకుంటే, మా కోస్తాకు వర్తించే తేమ వేడి లెక్కన నాలుగడుగుల చదరపు కిటికీ దాదాపు సరిపోతుంది. మీ గదికి ఎంత తక్కువ పడిందో చూసుకోండి.

వచ్చే వెలుతురుకు ఎవరు అడ్డం?

ఇప్పుడు కిటికీ దగ్గరికి వెళ్లండి. మనలో చాలామంది ఇళ్లలో కిటికీ ఉంటుంది, కానీ అందులో కూలరు ఉంటుంది. ఏప్రిల్, మే రెండు నెలలు వాడే కూలరు మిగతా పది నెలలూ అక్కడే కూర్చుని సగం కిటికీని మింగేస్తుంది. జూన్ దాటగానే దింపేయండి. బరువని బద్ధకిస్తే చక్రాల స్టాండు చేయించుకోండి.

తర్వాత దోమల జాలీ. కొత్త జాలీయే కొంత వెలుతురు ఆపుతుంది, దుమ్ము పట్టిన జాలీ అయితే గుడ్డ కట్టినట్టే. ఊడదీసి, సర్ఫు నీళ్లలో నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దితే వచ్చే నీళ్ల రంగు చూసి మీరే ఆశ్చర్యపోతారు. అద్దాలకు నల్ల స్టిక్కర్ అంటించి ఉంటే పీకేయండి. బయటివాళ్లకు కనబడకూడదనుకుంటే మంచుపొరలా ఉండే ఫ్రాస్టెడ్ స్టిక్కర్ వేసుకోండి. అది చూపును ఆపుతుంది కానీ వెలుతురును పెద్దగా ఆపదు.

కర్టెన్ రాడ్డు కిటికీకి సరిపోయేంతే ఉంటే, కర్టెన్ పక్కకు జరిపినా రెండు వైపులా జానెడేసి అద్దం మూసుకునే ఉంటుంది. రాడ్డును అటో ఎనిమిది అంగుళాలు, ఇటో ఎనిమిది అంగుళాలు పొడిగిస్తే తీసిన కర్టెన్ గోడ మీదికి పోతుంది. కిటికీ పక్కన బీరువా ఉంటే అటు ఎదురు మూలకు తోసేయండి. సజ్జ మీద ఎన్నేళ్లుగానో పడి ఉన్న పాత బకెట్లు, విరిగిన కుర్చీ దించేయండి. ఈ పనులకే మా హాలు ఒక మెట్టు తేలికపడింది.

రంగు: వెలుతురును తినేదీ ఇదే, పంచేదీ ఇదే

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను. ఎందుకంటే తక్కువ డబ్బుతో ఎక్కువ ఫలితం వచ్చేది ఇక్కడే. అందరూ దీన్ని అందం సంగతిగా చూస్తారు, అసలు ఇది లెక్కల సంగతి.

మంచి తెలుపు రంగు తన మీద పడ్డ వెలుగులో సుమారు 80 శాతం తిరిగి ఇచ్చేస్తుంది. మన పాత ఇళ్లలో ఉండే ముదురాకుపచ్చ, ముదురు నీలం లాంటివి చాలావరకు తామే మింగేస్తాయి. చీకటి గదికి వెలుతురు నేరుగా రాదు, ఒకటికి రెండు గోడల మీద పడి లేచి వస్తుంది. గోడలు 80 శాతం తిప్పికొట్టేవైతే రెండుసార్లు పడి లేచాక వందలో 64 మిగులుతుంది. 40 శాతమే తిప్పికొట్టేవైతే 16 మిగులుతుంది. కిటికీ అదే, ఎండా అదే. లోపలికి చేరేది మాత్రం నాలుగో వంతు.

అందుకని ముందు సీలింగుకు తెలుపు వేయండి, గోడల సంగతి తర్వాత. కిటికీలోంచి వచ్చిన వెలుగు నేల మీద పడి పైకి లేస్తుంది, సీలింగు దాన్ని గదంతా పంచుతుంది. ఆ తర్వాత కిటికీకి ఎదురుగా ఉన్న గోడ. ఆ తర్వాత కిటికీ చుట్టూ గోడ మందంలో ఉండే పక్కలు, సజ్జ అడుగుభాగం. ఈ రెండింటినీ పెయింటర్లు వదిలేస్తుంటారు, దగ్గరుండి వేయించండి. లప్పం పెట్టించి వేయిస్తే రంగు సమంగా వస్తుంది. తళతళలాడే ఎనామిల్ వద్దు, మెరుపు లేని రంగు చాలు. మెరుపు రంగు మీద కిటికీ బొమ్మ పడి కళ్లల్లోకి కొడుతుంది. తెలుపంటే ఆసుపత్రిలా ఉంటుందని మీ ఇంట్లో అంటే గోడలకు మీగడ రంగో లేత పసుపో వేయండి, పెద్ద నష్టం లేదు. సీలింగు దగ్గర మాత్రం రాజీ పడొద్దు.

నేల నల్ల కడప బండలో ముదురు గ్రానైటో అయితే పగలగొట్టి టైల్స్ వేయించమని నేను చెప్పను. కిటికీ ముందు ఒక లేత రంగు చాప పరవండి. పొద్దున వెలుగు ఆ చాప మీద పడి సీలింగుకు ఎగరడం మీ కళ్లతోనే చూడొచ్చు. నమ్మకం కలగకపోతే చాప ఒకసారి చుట్టేసి, మళ్లీ పరిచి చూడండి.

ఇక బయటి గోడ. మా వంటింటి కిటికీ పడమటి వైపు. దానికి తొమ్మిదడుగుల దూరంలో వెనకింటి వాళ్ల రెండంతస్తుల గోడ, పూత కూడా లేని ఇటుక గోడ, వానలకు పాచి పట్టి నల్లబడి ఉండేది. ఆ గోడ తూర్పుకు తిరిగి ఉంది కాబట్టి తొమ్మిది దాటాక మా డాబా మీదుగా ఎండ వెళ్లి దానిమీద పడుతుంది. అంత ఎండనూ ఆ నల్ల గోడ ఊరికే మింగేస్తోంది. ఆ ఇంటి పిన్నిగారిని అడిగాను.

"పిన్నిగారూ, మా వైపున్న మీ గోడకు సున్నం వేయించుకుంటానండీ."

"మా గోడకు నువ్వెందుకు వేయించడం?"

"మా వంటింట్లోకి వెలుతురు వస్తుందండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "రేపు గోడ మాదే అనకుండా ఉంటే చాలు, వేయించుకో" అన్నారు.

రెండు పూతల సున్నం, ఒక్క రోజు పని. మర్నాడు పొద్దున మా వంటింట్లో పోపు డబ్బాలో ఆవాలేవో మెంతులేవో లైటు లేకుండానే తెలిశాయి. ఇప్పటిదాకా ఈ ఇంటి మీద పెట్టిన ఖర్చులో ఇంత గిట్టుబాటైంది ఇంకోటి లేదు. మీ కిటికీ ఎదురుగా మీ సొంత ప్రహరీగోడే ఉంటే ఇంకేం, ఎవర్నీ అడగక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. పడమటి ఎండ నేరుగా పడే గోడకు తెలుపు వేస్తే సాయంత్రాలు కళ్లు జిగేల్మంటాయి. అక్కడ తెలుపు బదులు లేత గంధం రంగు వేయండి.

ఒక గది వెలుతురు ఇంకో గదికి

హాల్లో వెలుతురు ఉండి దాని వెనక గదిలో లేకపోతే, మధ్య గోడే దొంగ. అలాగని గోడ కొట్టేయకండి. తలుపు మీది దూలానికీ (లింటెల్) సీలింగుకీ మధ్య రెండున్నర, మూడడుగుల గోడ ఉంటుంది కదా, అందులో ఒకటిన్నర అడుగుల ఎత్తు వెంటిలేటర్ తెరిపించండి. లింటెల్ దూలాన్ని మాత్రం ముట్టుకోనివ్వకండి. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడైతే మేస్త్రి ఒక పూటలో చేసేస్తాడు. తొమ్మిది అంగుళాల గోడైతే, దాని మీద స్లాబు బరువు ఉందేమో ఇంజనీరుకు చూపించాకే పని మొదలుపెట్టించండి. బిగించే అద్దం ఫ్రాస్టెడ్ అయితే పడగ్గదికి మరుగు పోదు.

అటక ఉన్న ఇళ్లలో ఈ పని కుదరదు. ఎందుకంటే వెంటిలేటర్ రావలసిన చోట అటకా, అటక నిండా పనికిరాని ఇత్తడి గంగాళాలూ ఉంటాయి. వెలుతురా గంగాళాలా అన్నది ఇంట్లో పెద్దవాళ్లతో మీరే తేల్చుకోండి. మా ఇంట్లో ఆ చర్చ నాలుగు నెలలు నడిచింది.

తలుపు మార్చే ఆలోచన ఉంటే పై సగం అద్దం ఉన్న తలుపు పెట్టించుకోండి. బాత్రూమ్ తలుపుకు పైన అడుగు మేర ఫ్రాస్టెడ్ అద్దం పెట్టినా చాలు. బాత్రూమ్ వెంటిలేటర్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి మిగతాదంతా ప్లైవుడ్‌తో మూసేస్తుంటారు. ఆ ప్లైవుడ్ తీసి అద్దం పెట్టించండి. గ్లాస్ బ్రిక్స్, అంటే గాజు ఇటుకలు, అందంగా ఉంటాయి, వెలుతురూ ఇస్తాయి, కానీ గాలి రాదు. చెమ్మ పట్టే గోడల దగ్గర అడ్డ పలకల్లా ఉండి గాలి ఆడే లూవర్ అద్దాలే మేలని నా అభిప్రాయం.

పక్క గోడలో, అంటే పక్కవాళ్ల స్థలం వైపు, కొత్తగా కిటికీ తెరవాలనుకుంటే ఆగండి. మధ్యలో మీ స్థలం వదిలి ఉండకపోతే మున్సిపాలిటీ ఒప్పుకోదు. ఎన్నో ఏళ్ల నుంచి ఉన్న పాత కిటికీ సంగతి వేరు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో, 20 ఏళ్లు ఎవరూ అడ్డుచెప్పకుండా అనుభవించిన వెలుతురు మీద హక్కు ఏర్పడుతుందని ఉంది. కోర్టు దాకా వెళ్లే పనైతే వకీలునే అడగండి. వెళ్లకుండా తేలితే మరీ మంచిది.

పైనుంచి తెచ్చుకోవడం

పైవన్నీ చేశాక కూడా చీకటి పోని చోటుంటే, మీ నెత్తిన మీ డాబాయే ఉంటే, అప్పుడు పైకి చూడండి.

పెంకుటిల్లయితే మీరు అదృష్టవంతులు. బెంగళూరు పెంకు ఆకారంలోనే గాజు పెంకు దొరుకుతుంది. రెండు పెంకులు తీసి రెండు గాజు పెంకులు పెట్టడమే పని. ఉత్తరం వాలులో పెడితే వేడి తక్కువ. పొయ్యి మీదో, చదువుకునే చోటుమీదో వచ్చేలా చూసుకోండి.

రేకుల ఇల్లయితే అదే వంపున్న పాలికార్బొనేట్ లేదా ఫైబర్ రేకు ఒకటి మధ్యలో వేయించుకోవచ్చు. పాలికార్బొనేట్‌లో ఎండను తట్టుకునే పూత చాలా రకాలకు ఒక వైపే ఉంటుంది, ఆ వైపు పైకి రావాలి. తిరగేసి బిగిస్తే త్వరగా పచ్చబడిపోతుంది. ఎండకు సాగి, చలికి ముడుచుకుంటుంది కాబట్టి స్క్రూ కన్నం స్క్రూ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని కోయకండి, డ్రిల్లు పెట్టకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తీయాల్సి వస్తే రేకును తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని, పగలకుండా మొత్తంగా తీయించండి. పైకెక్కినప్పుడు వెలుతురు రేకు మీద కాలు వేయొద్దు. విరిగి కింద పడ్డవాళ్లున్నారు.

అసలు డబ్బే పెట్టలేనివాళ్లకు సీసా దీపం ఉంది. బ్రెజిల్‌లో అల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో కనిపెట్టాడు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో మంచినీళ్లు పోసి, నాచు పట్టకుండా కాస్త బ్లీచు కలిపి, రేకులో కన్నం చేసి, సగం పైకి సగం కిందికి ఉండేలా బిగిస్తారు. పైన పడ్డ ఎండను నీళ్లు వంచి గది నలుమూలలకూ పంచుతాయి. ఎండ బాగా ఉంటే 40 నుంచి 60 వాట్ల బల్బంత వెలుగు. 2011 నుంచి ఫిలిప్పీన్స్‌లో ఒక సంస్థ ఈ పద్ధతిని బస్తీ బస్తీకీ తీసుకెళ్లింది. ఇది ఇనుప రేకుల కప్పుకే. ఆస్‌బెస్టాస్ రేకుకు కన్నం పెట్టొద్దని ఇప్పుడే చెప్పాను. సీసా చుట్టూ సిలికాన్ సరిగ్గా పట్టించకపోతే మొదటి వానకే కారుతుంది.

ఇక స్లాబు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. నడిమి గది మీద మూడడుగులు పొడవు, రెండడుగులు వెడల్పున స్లాబు కోయించి, పైన తెల్లటి అద్దం పడుకోబెట్టించాను. చేసినవాడు ఇంజనీరును అడగకుండానే అడ్డొచ్చిన ఇనుప కడ్డీలన్నీ కోసేశాడు. మార్చి దాకా అద్భుతంగా ఉంది. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం నట్టింట్లో పొయ్యి పెట్టినట్టయింది. విజయవాడలో మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పడుకోబెట్టిన అద్దం ఆ ఎండను ఎదురెళ్లి స్వాగతం పలుకుతుంది. చివరికి అద్దం మీద పచ్చ షేడ్ నెట్ కట్టి, లోపల మళ్లీ ట్యూబులైటు వేసుకున్నాం. జూన్‌లో మొదటి వానకు అద్దం అంచునుంచి ధార కట్టింది. కింద గంగాళం పెట్టాం, అటక మీద నుంచి దించినదే.

రెండోసారి చేయించిన పద్ధతి చెప్తాను, మీరు మొదటిసారే ఇలా చేయించుకోండి.

ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి, దూలాలు ఎక్కడున్నాయో, ఏ కడ్డీలు కోయొచ్చో గుర్తు పెట్టించండి. స్లాబులో కడ్డీలు నాలుగైదు అంగుళాలకు ఒకటి ఉంటాయి కాబట్టి అడుగు కన్నమైనా రెండు మూడు తెగుతాయి. తెగినవాటికి బదులు చుట్టూ ఇనుప యాంగిల్ చట్రం బిగించాలి. మాకు ఆ పని ఆలస్యంగా చేయించినందుకు ఖర్చు రెట్టింపైంది.

కన్నం చుట్టూ ఒకటిన్నర అడుగుల ఎత్తున చిన్న గూడు కట్టించండి. మూడు వైపులా గోడ, పైన వాలుగా చిన్న సిమెంటు కప్పు, ఉత్తరం వైపు మాత్రం నిలువుగా అద్దం. ఉత్తరపు అద్దంలోంచి ఏడాదిలో ఎక్కువ భాగం ఆకాశపు వెలుగే వస్తుంది, ఎండ రాదు. మే నుంచి ఆగస్టు మొదలు దాకా మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు, మా ఊరి దగ్గర ఎక్కువలో ఎక్కువ ఏడు డిగ్రీలు. పై కప్పును అద్దం కంటే ఆరంగుళాలు ముందుకు జరిపితే ఆ ఎండను కూడా ఆపేస్తుంది. గూడు లోపలంతా తెల్ల రంగు వేయించండి, అద్దం ముందు మూడడుగుల మేర డాబా నేలకు కూడా.

అద్దం లామినేటెడ్ అయి ఉండాలి. పగిలినా పొర పట్టుకుని ఉంటుంది, ముక్కలు కింద పడవు. కోతులకూ దొంగలకూ అడ్డంగా సన్నటి చువ్వల గ్రిల్ వేయించండి, పువ్వులూ నెమళ్లూ ఉన్న డిజైన్ గ్రిల్ వద్దు. గూడు పునాది చుట్టూ వాటర్‌ఫ్రూఫ్ పూత పూయించి, చుట్టూ చిన్న కట్ట కట్టి 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూడండి. లోపల చెమ్మ కనబడకపోతేనే మిగతా డబ్బు ఇవ్వండి. ముందే ఇచ్చేస్తే ఫోను ఎత్తరు.

ఇంకో చిన్న మాట. కన్నం సీలింగ్ ఫ్యాను మీదికి రాకూడదు. ఫ్యాను తిరిగినప్పుడల్లా రెక్కల నీడ గదంతా టకటకా కొట్టుకుంటుంది, పది నిమిషాల్లో తలనొప్పి. మాకు ఫ్యానును రెండున్నర అడుగులు జరపాల్సి వచ్చింది.

ఫలితం ఎంత? గూడు కింద నిలబడితే సూదిలో దారం ఎక్కుతుంది. గది మూలల్లో పేపరు హెడ్డింగులు చదవొచ్చు, చిన్న అక్షరాలు కష్టం. 12 వాట్ల ఎల్ఈడీ బల్బు వెలుగుతున్నట్టుంటుంది, సాయంత్రం ఐదింటి దాకా. ఇంతకంటే ఎక్కువ వస్తుందని ఎవరైనా చెప్తే వేడి సంగతి అడగండి.

స్లాబుకు పెద్ద కన్నం వద్దనుకుంటే సోలార్ ట్యూబ్ అని ఒకటుంది. పైన పారదర్శకమైన గుమ్మటం లాంటి మూత, కింద పది అంగుళాల వ్యాసంలో లోపల అద్దంలా మెరిసే గొట్టం. కారిడార్లకూ బాత్రూములకూ బాగుంటుంది. ఖరీదెక్కువ. ఇంజనీరు దీనికీ అవసరమే.

అద్దాలు, అపార్ట్‌మెంట్లు, అద్దె ఇళ్లు

గోడకు పెద్ద అద్దం పెడితే గది రెట్టింపు వెలుగుతుందని చెప్తుంటారు. అద్దం వెలుతురును పుట్టించదు, వచ్చినదాన్ని ఒక పక్కకు తిప్పుతుంది, అంతే. కిటికీకి పక్కగా ఉన్న గోడ మీద పెట్టి, చీకటి మూలకు తిరిగేలా సర్దితే కొంత ఉపయోగం. కిటికీ లేని చీకటి గది మధ్యలో ఎంత పెద్ద అద్దం పెట్టినా చీకటినే చూపిస్తుంది.

అపార్ట్‌మెంట్లో బయటి గోడ, డాబా, డక్టు (గాలికీ పైపులకూ వదిలే నిలువు సందు) మీ ఒక్కరివి కావు. వాటిని ముట్టుకోవాలంటే అసోసియేషన్ అనుమతి కావాలి. కానీ డక్టు గోడలకు తెలుపు వేయిద్దామని మీటింగులో అడగొచ్చు, అది నాలుగైదు ఫ్లాట్లకు ఒకేసారి ఉపయోగం. బాల్కనీలో బట్టలారేసే తాడును కిటికీకి ఎదురుగా కాకుండా పక్కకు జరపండి. దుప్పట్లు ఆరేసిన రోజు హాలు ఎలా ఉంటుందో మీకు తెలుసు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు జాలీ కడగడం, కర్టెన్ రాడ్డు, చాప, బీరువా జరపడం దాకా ఎవర్నీ అడగకుండా చేసుకోవచ్చు. సీలింగుకు తెలుపు మీ ఖర్చుతో వేయిస్తానంటే ఏ ఓనరూ కాదనడు.

ఏడాదికోసారి

పై అద్దం మీద దుమ్ము పేరుకుంటుంది, వేసవి దాటాక తుడవాలి. జాలీలు మూడు నెలలకోసారి. సంక్రాంతికి ఎలాగూ ఇల్లు దులుపుతాం కాబట్టి వెంటిలేటర్ అద్దాలు, గూడు లోపలి గోడలు ఆ పనిలోనే చేర్చుకోండి. బయటి గోడ సున్నం వానలకు పాచి పడుతుంది, ఏటా కార్తీకం తర్వాత మళ్లీ ఒక పూత కావాలి. పోయినేడు ఆలస్యం చేస్తే పిన్నిగారే పిలిచి, "ఈసారి సున్నంలో కాస్త నీలిమందు కలపమను, తెలుపు బాగా తేలుతుంది" అన్నారు. నిజమే, తేలుతుంది. బకెట్టుకు చిటికెడు చాలు, ఎక్కువైతే గోడ నీలంగా మారి వెలుతురు తగ్గుతుంది.